ఫిలిప్పీన్స్ కథల్లో చెప్పే, రూపం మార్చుకుని మనుషుల రక్తం తాగే పిశాచి అస్వాంగ్ నిజంగా ఉందా?

లేదు, అస్వాంగ్ నమ్మకమే తప్ప జీవి కాదు, అలాంటిది ఉందనడానికి ఒక్క ఆధారమూ లేదు. మరి అంత భయం ఎక్కడి నుంచి వచ్చింది? గర్భం పోవడం, పసిబిడ్డ ఉన్నట్టుండి చనిపోవడం లాంటి వాటికి కారణం తెలియని రోజుల్లో నింద దీని మీద పడేది. రాత్రిపూట నడుము దగ్గర రెండుగా విడిపోయి, పైభాగం రెక్కలతో ఎగిరి గర్భిణుల ఇంటి కప్పు మీద వాలుతుందని చెప్పే మనానంగల్ కూడా ఇందులో ఒక రకమే. అస్వాంగ్‌లకు పేరుపడ్డ కాపిజ్ అనే ప్రాంతం ఉన్న పనాయ్ దీవిలో లుబాగ్ అనే వంశపారంపర్య నరాల జబ్బు ఉంది, అది వస్తే ఒళ్లు మెలికలు తిరుగుతుంది, నాలుక, దవడ అదుపు తప్పుతాయి, అలాంటి రోగుల్ని చూసే ఈ కథలు బలపడి ఉంటాయని కొందరు పరిశోధకుల అభిప్రాయం, నాకూ అది సబబుగానే అనిపిస్తుంది.

ఈ భయాన్ని వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1950ల్లో ఫిలిప్పీన్స్‌లో హుక్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటుదారుల మీద పోరులో సైనికులు ఒకణ్ని పట్టుకుని, అస్వాంగ్ కొరికినట్టు మెడకు రెండు గాట్లు పెట్టి, రక్తం కార్చేసి శవాన్ని దారిలో పడేస్తే, అది చూసి మిగతావాళ్లు ఆ కొండ వదిలిపోయారని అమెరికన్ అధికారి ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ రాసుకున్నాడు.

చాలామంది పొరపడేది ఇక్కడే: 1589లో స్పానిష్ మతగురువు ప్లాసెన్సియా కూడా అస్వాంగ్ గురించి రాశాడు కాబట్టి నిజమే అనుకుంటారు. ఆయన రాసింది అక్కడి జనం నమ్మేదాన్ని, కళ్లారా చూసినదాన్ని కాదు.