వేసవి రీసెర్చికి డబ్బు కట్టక్కర్లేదు, దసరాకే కాగితాలు సిద్ధం చేసుకోండి

ప్రశ్న: మా అమ్మాయి కడపలో బీఎస్సీ జియాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే వేసవిలో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ఒక ఆన్‌లైన్ సంస్థ 12 వేలు కట్టమంటోంది. అమెరికాలో డిగ్రీ చదివే మా బావమరిది కొడుకు వేసవిలో భూకంపాల మీద పనిచేస్తే వాళ్లే ఎదురు డబ్బులిచ్చారట. మన దగ్గర అలాంటివి లేవా? ఆడపిల్లను రెండు నెలలు ఊరుగాని ఊరు పంపొచ్చా?

జవాబు: ముందు ఆ 12 వేలు కట్టకండి. ఏపీలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక సర్టిఫికెట్లు అమ్ముకునే దుకాణాలు బాగా వెలిశాయి. రాయి చేత్తో పట్టుకోకుండా, మైక్రోస్కోపు ముందు కూర్చోకుండా, నాలుగు వీడియోలు చూసి తెచ్చుకున్న కాగితం ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూడా నిలబడదు.

మీ బావమరిది గారబ్బాయికి వచ్చింది బహుశా డిగ్రీ పిల్లల పరిశోధన పథకం ఆర్‌ఈయూ. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడుస్తుంది. ఆ డబ్బు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మీ అమ్మాయికి పనికిరాదు, దాన్ని వదిలేయండి. జర్మనీ, కెనడాల పథకాల పేర్లు కూడా ఎవరో ఒకరు చెబుతారు. మొదటి వేసవికి వాటి జోలికి వెళ్లొద్దంటాను.

మన దగ్గర మొదట చూడాల్సింది బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. దేశంలో ఏదో ఒక సంస్థలో, గైడ్‌గా ఉండే శాస్త్రవేత్త దగ్గర రెండు నెలల పని, నెలనెలా స్టైపెండ్, రానుపోను రైలు చార్జీ. ఎర్త్ అండ్ ప్లానెటరీ సైన్సెస్‌కు అందులో విడిగా చోటుంది. ఐఐటీలో చదువుతుండాలన్న షరతు లేదు. చిక్కల్లా తేదీలతోనే. పని మే నెలలో మొదలైతే, దరఖాస్తులు పిలిచేది అంతకుముందు నవంబరు ప్రాంతంలో. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక ‘ఏమైనా ఉన్నాయా సార్’ అని ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పగలిగేది ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనే. మీరు ఇప్పుడే అడిగారు, మంచి పని చేశారు.

ఐఐటీ గాంధీనగర్ కూడా బయటి కాలేజీల పిల్లల్ని వేసవికి తీసుకుంటుంది. వారానికి 2 వేల చొప్పున ఇస్తూ వచ్చింది. ఇక ఇంటర్‌లో మీ అమ్మాయి బోర్డు టాప్ 1 శాతంలో ఉండి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ తీసుకుంటోందా? అయితే ఏడాదికి వచ్చే మొత్తం 80 వేలలో 20 వేలు వేసవి ప్రాజెక్టు కోసమే కేటాయించారు. జియాలజీ, జియోఫిజిక్స్ రెండూ ఆ స్కాలర్‌షిప్ ఇచ్చే సబ్జెక్టుల జాబితాలో ఉన్నాయి. నెలకు 5 వేలు వస్తున్నాయి కదా అని ఊరుకుని, ఈ భాగాన్ని పట్టించుకోని పిల్లలున్నారు.

హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు నేరుగా మెయిల్ రాసి అడగొచ్చు. కానీ అలా దొరికే చోట స్టైపెండ్ ఉండకపోవచ్చు. డబ్బులిస్తారా, ఫీజేమైనా తీసుకుంటారా, హాస్టల్ ఉందా అని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అకాడమీల దరఖాస్తులో మార్కులతో పాటు, ఏం పని చేయాలనుకుంటున్నావో రాయమంటారు. ‘చిన్నప్పటి నుంచి భూమి అంటే ఆసక్తి’ అని మొదలుపెట్టిన కాగితాలు నా దగ్గరికి దిద్దడానికి వస్తుంటాయి. పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో తెలియదు. మీరున్నది కడపలో. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో చదువుకునే రాళ్లు మీ అమ్మాయికి బస్సు దూరంలో ఉన్నాయి. వేంపల్లె సున్నపురాళ్లలో స్ట్రోమాటోలైట్లు కనిపిస్తాయి. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవి. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వేది కూడా ఆ వేంపల్లె రాళ్లలోనే. ఒక ఆదివారం వాళ్ల లెక్చరర్‌తో వెళ్లి చూసి రమ్మనండి. ఒకచోట పొరలు చదునుగా, ఇంకోచోట గుమ్మటాల్లా ఎందుకున్నాయి, నీటి లోతు మారిందా, అలల తాకిడి మారిందా అని అడుగుతూ పదిహేను వాక్యాలు రాస్తే చాలు. జవాబు తెలియనక్కర్లేదు, జవాబు కోసమేగా వెళ్లేది! అప్పుడు గైడ్‌ని ఎంచుకోవడమూ తేలికే. పాత జీవజాలం మీద ఆసక్తి అయితే లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, సముద్రం వైపైతే గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ.

అక్కడికెళ్లి గొప్ప ఆవిష్కరణ చేసేస్తుందని మాత్రం అనుకోకండి. సముద్రపు బురద మీద పనిచేసే ల్యాబ్‌లో పడిందనుకోండి, బురదను సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద తడి కుంచె కొనతో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గవ్వల్ని ఒక్కొక్కటే ఏరాలి. ఇసుక రేణువంత ఉంటాయి. ఒక్కో శాంపిల్‌కి మూడు వందల దాకా ఏరమంటారు. మెడ పట్టేస్తుంది, విసుగొస్తుంది. రెండో నెలలో ఏ గవ్వ చల్లని నీటిదో, ఏది వెచ్చని నీటిదో దానంతట అదే కంటికి తెలిసిపోతుంది. నా దృష్టిలో స్టైపెండ్ కంటే విలువైనది అదే. జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) ఉద్యోగాల పరీక్షకో, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌కో ఈ ఫెలోషిప్ వల్ల అదనపు మార్కులు రావు. ఈ పని తనకు సరిపడుతుందో లేదో మాత్రం ఎమ్మెస్సీకి ముందే తేలిపోతుంది.

పంపొచ్చా అంటే పంపండి. ఎంపికైన వెంటనే గైడ్‌కి మెయిల్ రాసి మహిళల హాస్టల్ సంగతి ఖరారు చేసుకోండి. హాస్టల్ లేదంటే, ఆ సంస్థలో చదువుతున్న అమ్మాయిలు ఎక్కడ ఉంటున్నారో కనుక్కోండి. స్టైపెండ్ చేతికి రావడం ఆలస్యం కావచ్చు కాబట్టి మొదటి నెల ఖర్చు దగ్గర ఉంచుకోవాలి.

దసరా సెలవుల్లోపు మార్కుల మెమోలు స్కాన్ చేయించండి. సిఫారసు లేఖ కోసం లెక్చరర్‌ని ఇప్పుడే అడగమనండి, చివరి రోజు అడిగితే ఆయనా అందరికీ రాసిందే రాసిస్తారు. ఈ రెండు నెలల పనిని కాలేజీ తప్పనిసరి ఇంటర్న్‌షిప్ కింద లెక్కిస్తుందా అని ప్రిన్సిపాల్‌ని అడిగి, ఆ మాట కాగితం మీద తీసుకోండి.