కేసు కట్టలు పెరిగిపోతున్న లాయరుకు

చిరంజీవికి ఆశీస్సులు.

కేసులు ఎక్కువై ఊపిరాడట్లేదని రాశావు. కేసుల సంఖ్య కన్నా, తర్వాత ఏం చేయాలో తేలకుండా బుర్రలో మోస్తున్న ఫైళ్లే మనిషిని ఎక్కువ నలిపేస్తాయి. ముందు వాటిని కాగితం మీదికి దించు. ప్రతి కేసు పక్కన ఆఖరు తేదీ, తర్వాతి పని, అది ఎవరి చేతిలో ఉందో రాయి. "కౌంటర్ వేయాలి" (అవతలివాళ్ల పిటిషన్‌కు రాతపూర్వక జవాబు) అని రాస్తే లాభం లేదు. అంత పెద్ద పని కనబడగానే చెయ్యి పక్క ఫైలు మీదికి పోతుంది. "పిటిషన్‌లో 5 నుంచి 10 పేరాల వరకు జవాబులు రాయాలి" అని ఉంటే కూర్చోగానే మొదలుపెట్టొచ్చు. మొదటిసారికి ఒక పూట పోతుంది. తర్వాత రోజూ కోర్టు నుంచి రాగానే పది నిమిషాలు చాలు.

గడువులు మాత్రం ఆ జాబితాకే వదిలేయకు. ఆఖరి రోజు, దానికి వారం ముందు, మూడు రోజుల ముందు, ఇలా డైరీలో మూడు చోట్ల ఎక్కించు. లెక్క ఉత్తర్వు వెలువడిన రోజు నుంచా, నకలు అందిన రోజు నుంచా అన్నది చట్టం తెరిచి చూశాకే వేయి. తప్పులు దొర్లేది అక్కడే. గుమాస్తా చేత విడిగా లెక్క కట్టించి రెండూ పోల్చు. నీ లెక్క చూపించి "సరేనా" అంటే ఎవరైనా సరే అనే అంటారు.

వాయిదా అయిన రోజే కక్షిదారుకు రెండు వాక్యాల మెసేజ్ పెట్టు: ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు. చాలా ఫోన్లు ఆ రెండు ప్రశ్నల కోసమే వస్తాయి. మిగతావాటికి సాయంత్రం ఒక అరగంట ఉంచి, ఆ సంగతి వకాలత్ (తన తరఫున వాదించమని కక్షిదారు ఇచ్చే పత్రం) మీద సంతకం తీసుకునేప్పుడే చెప్పు. అరెస్టు, స్టే లాంటి అత్యవసరాలకు గుమాస్తా నంబరు ఇవ్వు.

కొత్త కేసు ఒప్పుకునే ముందు రెండు వారాల డైరీ చూడు. పడుతుందనుకున్న సమయానికి ఇంకో సగం కలుపు. కాదనాలంటే అదే రోజు కాదను, నానిస్తే అవతలివాళ్ల గడువు కరిగిపోతుంది.

క్రాస్‌కు, అంటే అవతలి సాక్షిని ప్రశ్నించడానికి, లేచే ముందు గుండె దడగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. ఐదారుసార్లు చాలు. సాయంత్రం కాఫీ మానెయ్, దాని ప్రభావం గంటల తరబడి ఒంట్లో ఉంటుంది. నిద్ర కోసం మద్యం జోలికి అసలు పోకు. తొందరగా పడుకోబెట్టినా నడిరాత్రి లేపేస్తుంది.

రెండు వారాలు దాటాక కూడా నిద్ర కుదరకపోయినా, ఫైలు తెరవాలంటేనే భయమేస్తున్నా డాక్టర్ని కలువు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే వెళ్లు, ఒంటరిగా ఉండకు. అలాంటి రోజు నీ కేసులు ఎవరు చూస్తారో కక్షిదారుల సమ్మతితో ఒక తోటి లాయరుతో ఇప్పుడే మాట్లాడిపెట్టుకో. ఏ కేసు ఏ కోర్టులో ఉందో, ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో రాసిన కాగితం గుమాస్తా దగ్గర ఉంచు.