పిఎల్‌ఎ2 వచ్చిందని ఆస్పిరిన్ మొదలుపెట్టకండి

మీ అన్నయ్యకి 41 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, మీ జీన్ రిపోర్టులో పిఎల్‌ఎ2 అనే జన్యు మార్పు ఉంది, రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలా అని అడిగారు కదా. సొంతంగా వద్దండి.

ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలను) ఒకదానికొకటి అతికించే ప్రోటీన్‌లో 33వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ అనేది ఉంటే అది పిఎల్‌ఎ2. దీనికీ గుండెజబ్బుకీ, ముఖ్యంగా 60 ఏళ్ల లోపువాళ్లలో, సంబంధం ఉందని 1996లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. మరుసటి ఏడాదే అమెరికా డాక్టర్ల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో ఆ సంబంధం కనబడలేదు. పైగా ఆస్పిరిన్‌తో కడుపులో రక్తస్రావం కావచ్చు.

అన్నయ్యకి అంత చిన్న వయసులో రావడమే మీరు పట్టించుకోవాల్సిన విషయం. గుంటూరు జీజీహెచ్‌లో కార్డియాలజీ వాళ్లకి చూపించుకుని బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. లిపోప్రోటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం) టెస్టు గురించి కూడా అడగండి. సిగరెట్ అలవాటుంటే ఇవాళే ఆపేయండి.