అల్లుడి సంగతి అడిగినావా?

మేయ్ పాపా,

నిన్న సాయంత్రం గాంధీరోడ్డులో మీ నాయన కనపడినాడు. పాపకి అమెరికా ట్రాన్స్‌ఫర్ వచ్చిందన్నా, జనవరిలో పోతుంది అని నాకు చెప్తా చెప్తానే పక్కన పూలంగడామెకి కూడా చెప్పేసినాడు. నాకూ గొంతు పట్టేసింది అనుకో, మన ఇంట్లో ఆడపిల్లని కంపెనీ ఖర్చు పెట్టుకుని అమెరికా పంపిస్తా ఉంది అంటే చిన్న మాటా. సరే మరి అల్లుడు? అని అడిగితే, ఆయనకేముందన్నా, కూడా పోతాడు, పోయినాక ఏదో ఒకటి చూసుకుంటాడు అన్నాడు. ఆ మాట వినేసరికి చేతిలో కాఫీ అట్లే ఉండిపోయింది. 2003లో నేను అన్న మాట అది. అచ్చం అదే.

అందుకే కూర్చుని టైప్ చేస్తా ఉండా, తప్పులుంటే సర్దుకో.

చిన్న పనులు ముందు చెప్పేస్తా. మ్యారేజ్ సర్టిఫికెట్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుది ఉండాల, తిరుచానూరు కల్యాణ మండపం వాళ్లు ఇచ్చిన రసీదు పనికిరాదు. పేర్లు పాస్‌పోర్టులో ఎట్లుంటే అట్లే ఉండాల, మనోళ్లకి ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో ఒట్టి ఇనీషియల్. ఒరిజినల్స్ చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు. ఇంతే, మిగతావి నాకన్నా నీకే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి.

మీ పెద్దమ్మ డీఎస్సీ రాసి మ్యాథ్స్ టీచర్ అయింది, చంద్రగిరి పక్కన జడ్పీ హైస్కూల్లో, అది నీకు తెలుసు. ఎందుకు మానేసిందో నీకెవరూ చెప్పుండరు. నేను అప్పుడు చెన్నైలో ఉండా. మా హెచ్ఆర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది, ఎల్-1 మీద పోతావా హెచ్-1 మీద పోతావా, సాయంత్రానికి చెప్పు అని. రెండూ అమెరికా పని వీసాలే, ఎల్-1 అంటే కంపెనీ తన మనిషినే అక్కడి తన ఆఫీసుకి పంపేది, హెచ్-1 అంటే అక్కడి కంపెనీ ఉద్యోగం ఇచ్చి తెప్పించుకునేది. అప్పట్లో హెచ్-1 ఇప్పటంత కష్టం కాదులే. ఆఫీసులో ఫ్రెండ్స్ అందరూ ఎల్-1 అంటే కంపెనీకి గాటన కట్టేసినట్టు, హెచ్-1 అయితే కంపెనీ మారచ్చు అన్నారు. టీ తాగే లోపల తేల్చేసినా, హెచ్-1 అని. ఎల్-1 వాళ్ల భార్యలకి కార్డు అప్లై చేసుకుంటే పని చేసుకోవచ్చని 2002 జనవరిలోనే అక్కడ చట్టం వచ్చేసిందని, హెచ్-1 వాళ్ల భార్యలకి అది లేదని నాకు తెలీదు. తెలీకపోవడం కూడా తప్పు కాదు పాపా, అడగలేదు. ఒక్క లైన్ మెయిల్, నా భార్య పని చేయొచ్చా అని, రెండు నిమిషాల పని.

పైగా మీ పెద్దమ్మ జీతం లేని లీవ్ పెట్టుకుంటానండీ, ఉద్యోగం ఉంచుకుంటా అనింది. నేనే, ఆ జీతం ఎంతలే, అక్కడ ఒక నెలలో వస్తుంది, రాజీనామా ఇచ్చేయ్ అన్నా. ఇచ్చేసింది.

అక్టోబర్ 2003లో న్యూజెర్సీ ఎడిసన్‌లో దిగినాం. ఆమెకి సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఇవ్వలేదు, పని చేసే హక్కు లేదు కాబట్టి. నేను పొద్దున పోతా ఫ్రిజ్ మీద ఇరవై డాలర్లు పెట్టి పోతా ఉంటి. సాయంత్రం వస్తే ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించేది, పాలు ఇంత, కొత్తిమీర ఇంత, మిగిలింది ఇంత అని. ఒకరోజు నాకు విసుగొచ్చి, లెక్క ఎవరడిగినారు నిన్ను అన్నా. మీరు అడగలేదు, మరి నాది అని ఏముంది ఇందులో, చెప్పకుండా ఎట్ల ఖర్చు పెట్టేది అనింది. నోరు మూసుకున్నా.

కింద ఇంట్లో గుజరాతీ పిల్లోళ్లకి లెక్కలు చెప్పేది, ఊరికే. ఒకనాడు ఆ తల్లి కవర్లో నలభై డాలర్లు పెట్టి పిల్లోడి చేతికిచ్చి పంపింది. ఈమె తీసి చూసి చలిలో స్వెటర్ కూడా లేకుండా మెట్లు దిగి పరిగెత్తి ఇచ్చేసి వచ్చింది, డబ్బులు తీసుకుంటే వీసా పోతుందని భయం. ఆ చేతులు ఎట్ల వణికినాయో నాకు ఇప్పటికీ కళ్లల్లో ఉంది. వంటింట్లో గడియారం మాత్రం ఇండియా టైమే. చలికాలం రాత్రి పదకొండయితే, ఇప్పుడు మా స్కూల్లో ప్రేయర్ బెల్ కొడతారు అనేది, అని పోయి పడుకునేది. ఆరేళ్లు.

హెచ్-4 వాళ్లలో, అంటే హెచ్-1 వాళ్ల భార్యాభర్తల్లో, కొందరికి కూడా పని కార్డు ఇస్తామని 2015 మే 26 నుంచి మొదలుపెట్టినారు. అప్పటికి మేము వెనక్కొచ్చి ఆరేళ్లు.

సరే నీ సంగతికి వస్తా. నీది ఎల్-1 అన్నాడు మీ నాయన, మంచిది. బయట్నుంచి కొత్తగా హెచ్-1 తెప్పిస్తే లక్ష డాలర్లు కట్టమని 2025 సెప్టెంబర్‌లో పెట్టినారు కదా, మీ కంపెనీ ఎందుకు ఎల్-1 అంటా ఉందో అర్థం చేసుకో. ఎల్-2 మీద, అంటే ఎల్-1 వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, వచ్చిన భర్తకి 2021 నవంబర్ నుంచి ప్రత్యేకంగా కార్డు కూడా అక్కర్లేదు, ఆ హోదాతోనే పని హక్కు వస్తుంది. కానీ దిగినాక ఐ-94, అంటే దేశంలోకి వచ్చినట్టు వాళ్లు రాసే రికార్డు, తీసి చూడండి, ఎల్-2ఎస్ అని ఉండాల. ఆ ఎస్ లేకుండా ఉత్త ఎల్-2 అని ఉంటే ఉద్యోగం ఇచ్చేవాడు నమ్మడు, వెంటనే సరిచేయించుకోవాల.

ఇంకోటి, ఇది బాగా గుర్తుపెట్టుకో. రెండేళ్లకి ఎవడో ఒకడు వచ్చి హెచ్-1 కి మారిపో, కంపెనీ మారచ్చు, జీతం ఎక్కువ అని చెవిలో ఊదుతాడు. నువ్వు మారిన రోజు అల్లుడు హెచ్-4 అయిపోతాడు. నీ ఐ-140, అంటే గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే అర్జీ, అప్రూవ్ అయ్యేదాకా ఆయనకి పని లేదు, చేస్తా ఉన్న ఉద్యోగం వదిలేయాల. ఆ తర్వాత వచ్చే కార్డు కూడా, రెన్యువల్ పెండింగ్‌లో ఉంటే ఇంతకుముందు 540 రోజులు దానంతట అదే నడిచేది, 2025 అక్టోబర్ 30 నుంచి అప్లై చేసినోళ్లకి అది తీసేసినారు. అందుకని కంపెనీతో ఇప్పుడే, జీతం మాట్లాడేటప్పుడే, గ్రీన్‌కార్డ్ ఎప్పుడు మొదలుపెడతారు అని రాసి అడుగు. నోటి మాట కాదు, మెయిల్‌లో. ఎల్-1బి, అంటే ప్రత్యేక నైపుణ్యం ఉన్నోళ్లకి ఇచ్చే ఎల్-1, అయితే మొత్తం ఐదేళ్లే, మర్చిపోవద్దు.

పని హక్కు ఉన్నంతమాత్రాన అల్లుడికి పని దొరకదమ్మా, ఆయన ఫిజియోథెరపిస్ట్. అక్కడ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్స్ కావాల, దానికి మన చదువు వాళ్ల చదువుకి సమానమా అని చూస్తారు, ఎన్‌పీటీఈ అని పరీక్ష రాయాల. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు సీల్ వేయించి పంపించడానికే ఎన్నిసార్లు తిరగాల్నో. అది ఇక్కడుండంగానే మొదలుపెట్టమను. అక్కడికి పోయి మొదలుపెడితే ఏడాది సోఫాలో పోతుంది, మగోడు సోఫాలో కూర్చుంటే మన చుట్టాల నోళ్లు ఎట్లుంటాయో నీకు నేను చెప్పాల్నా. ఆ మాటలు నువ్వు ఆపాల, ఆయన చేత పడించొద్దు. నీ జీతం ఇద్దరి పేరు మీద అకౌంట్‌లో పడాల, మొదటి నెల నుంచే. ఫ్రిజ్ మీద నోట్లు పెట్టొద్దు.

నీ ఉద్యోగం పోయిందనుకో, పోకూడదు గానీ, వేరే ఉద్యోగం చూసుకోవడానికో వెనక్కి రావడానికో 60 రోజులే టైము, ఇద్దరికీ. ఆర్నెల్ల ఖర్చు పక్కన ఉంచుకోండి.

జర్మనీ ఆఫర్ కూడా ఉందంట కదా. అక్కడ బ్లూ కార్డ్, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్, ఉన్నోళ్ల భర్తకి మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు, అయితే ఫిజియో చేయాలంటే భాష రాకుండా కుదరదు, దానికి రెండేళ్లు అనుకో. ఎటు అనేది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. నువ్వొక్కదానివే టీ తాగతా తేల్చొద్దు.

ఇది పంపే ముందు మీ పెద్దమ్మకి ఇచ్చినా చదవమని. ఏమీ అనలేదు, స్పెల్లింగ్ రెండు దిద్దింది. పోయి బాల్చీలో బట్టలు ఆరేసి వచ్చి, ఆరేళ్లు అని రాసినారే, ఐదేళ్ల ఎనిమిది నెలలు అనింది.

ఆదివారం ఇద్దరూ రండి, ఆఫర్ లెటర్ తీసుకుని. సంగటి, ఊరిబిండి చేస్తుందంట.

మీ పెద్దనాయన