మందుతో పాటే పాటా పోయిందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న గల్ఫ్ వెళ్లి అప్పులతో తిరిగొచ్చాడు, తాగి తాగి పోయాడు. అమ్మ బీడీలు చేసి నన్ను పెంచింది. చిన్నప్పుడు భజనల్లో, తర్వాత ఆర్కెస్ట్రాల్లో పాడాను. ఎనిమిదేళ్లుగా యూట్యూబ్ చానళ్లకు జానపద పాటలు రాస్తున్నాను. పాటకు రెండు మూడు వేలు ఇస్తారు. పేరు వేస్తే వేస్తారు, లేకుంటే లేదు. రోజూ తాగేవాణ్ని. ఐదు నెలల కింద ఆసుపత్రిలో 12 రోజులుండి మానేశాను. చుక్క ముట్టలేదు. కానీ పాట రావడం లేదు. తాగినప్పుడే పాటొచ్చేది. ‘ఒక్క పెగ్గు వేసుకో, కలం అదే నడుస్తది’ అంటున్నారు స్టూడియోలో. అమ్మ మీద రాసిన పాట ఒక్కటి లక్షల మంది విన్నారు. అలాంటిది ఇక రాయలేనేమో. నా భార్య ఇప్పటికీ రోజూ రాత్రి నా నోటి వాసన చూస్తుంది. ఇంట్లో నమ్మకం లేదు, చేతిలో పాట లేదు. మానేసి ఏం సాధించినట్టు?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కొంతే వేశాం. దాంతోపాటు మీరు పంపిన ఫొటో ఇప్పుడు నా ముందుంది. ముందు దాని గురించే మాట్లాడతాను.

మందుల చీటీ వెనకవైపు రాసుకున్న పాట అది. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. రెండు చోట్ల పెన్ను గుచ్చుకుని కాగితం చిరిగింది. అమ్మకు ఆపరేషన్ అయిన మర్నాడు, సర్కారు దవాఖానా వరండాలో, తెల్లవారుజామున రాశానన్నారు. జేబులో డబ్బుల్లేక అప్పటికి మూడు రోజులుగా తాగలేదు, చెయ్యి వణుకుతోంది. ఆ వణికే చేత్తో రాసిన రెండు పాదాలు ఇవి:

‘అన్నం ముద్దల గూడ తంబాకు వాసనె
ఆ వాసనే లేక ఆకలే గాదమ్మ’

ఒళ్లో చాట పెట్టుకుని రోజంతా తునికాకు చుట్టే చేతికి ఎంత కడిగినా ఆ వాసన పోదు. ఆ చేత్తోనే ముద్ద కలిపి పెడితే బిడ్డకు అదే అమ్మ వాసన. బీడీలు చేసే ఇంట్లో పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ తట్టని మాట ఇది. నేను కరీంనగర్‌లో పనిచేసిన రోజుల్లో ఇలాంటి అమ్మలతో చాలాసార్లు మాట్లాడాను. వేళ్ల చివర్లు చూపించి నవ్వేవారు. మీ పాట చదివాక ఆ వేళ్లు మళ్లీ గుర్తొచ్చాయి.

ఇప్పుడు చెప్పండి, ఈ పాట మీరు తాగి రాశారా? లేదు. మూడో పేజీలో మీరే రాశారు. మొదటి పేజీలోనేమో తాగినప్పుడే పాటొచ్చేదన్నారు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి కూడా చూసుకోలేదు మీరు. మీకు పేరు తెచ్చిన ఒకే ఒక్క పాట, మీరు మామూలు మనిషిగా, భయపడుతూ, అమ్మ లేస్తుందో లేదో అనుకుంటూ రాసింది.

ఆ వంకర అక్షరాలు చూస్తే నాకు భయం కూడా వేసింది. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి లేనివి కనబడటం, వినబడటం, ప్రాణం మీదికి రావడం కూడా ఉంది. ఆ రోజు వరండాలో మీకేం కాలేదంటే అది అదృష్టం. ఇది చదివే మిగతావాళ్లు కూడా మొండి ధైర్యంతో ఇంట్లో ఉండి ఆపకండి, డాక్టర్ దగ్గర ఆపండి. ఇంకో మాట. ‘తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తాడు’ అని అమ్మే పొడులు కొనకండి. అలాంటి మందు కడుపులో ఉండగా మనిషి తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. డాక్టర్ చెప్పి, ఆ మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది.

తాగినప్పుడు కలం నడిచినట్టు అనిపించడం అబద్ధమని నేననను. మందు మొదట భయాన్ని తీసేస్తుంది. ‘ఇది బాగుందా, నవ్వుతారా’ అని లోపల గొణిగే గొంతు నోరు మూసుకుంటుంది. దాంతో పేజీలు నిండుతాయి. మీ పాత నోట్‌బుక్కులు తీసి చూడండి. రాత్రి తాగి నింపిన పేజీల్లో మర్నాడు పొద్దున మిగిల్చినవి ఎన్ని? మిగిల్చినవాటిలో మీ ఊరు, మీ ఇల్లు, మీ వాళ్లు ఉన్న పాదాలు ఎన్ని? ‘పిల్లా’, ‘బావా’ అంటూ ట్యూన్‌లో కూర్చోబెట్టిన మాటలు ఎన్ని? వేరే రంగు పెన్నుతో గీత గీస్తూ పోండి. నేను చెప్పడం కంటే ఆ లెక్క మీ చేత్తో మీరే తేల్చుకోవడం మంచిది.

ఇక ఇప్పటి ఈ ఎండిపోయినట్టుండే స్థితి. ఏళ్ల తరబడి మందుకు అలవాటుపడిన మెదడు, అది లేకుండా సంతోషపడటం మళ్లీ నేర్చుకోవాలి. నిద్ర కుదురుకోవడానికి, తిండి రుచించడానికి, పాట వింటే ఒళ్లు జలదరించడానికి కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఐదో నెలలో చప్పగా అనిపించడం నేను చాలామందిలో చూశాను. నిద్ర అసలే పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా మాత్రం ఆగొద్దు, మీరు చేరిన ఆసుపత్రి డాక్టర్‌నే వెంటనే కలవండి. అర్ధరాత్రయినా 14416కు, అంటే మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు నడిపే టెలీ మానస్‌కు, ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తాగుడు, మత్తు అలవాట్ల కోసమే 14446 ఉంది. రెండూ ఉచితం.

మీ భయం మీ ఒక్కరిది కాదు. అమెరికాలో జేసన్ ఇస్బెల్ అని ఒక పాటల రచయిత ఉన్నాడు. అలబామా రాష్ట్రంలో గ్రీన్ హిల్ అనే చిన్న ఊరివాడు. 22 ఏళ్లకే మంచి పేరున్న ఒక బృందంలో చేరాడు. తాగుడు ముదిరింది, 2007లో ఆ బృందం నుంచి బయటికొచ్చాడు. 2012 ఫిబ్రవరిలో కాబోయే భార్య, స్నేహితులు పట్టుబట్టి నాష్‌విల్‌లో చికిత్సకు చేర్పించారు. మరుసటి ఏడాది, 2013లో, ‘సౌత్ఈస్టర్న్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. ఇవాళ్టికీ ఆయన పేరు చెబితే ముందు దాన్నే తలుచుకుంటారు. అందులో ఏముంది? ఇక పారిపోనని ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పుకోవడం. క్యాన్సర్‌తో పోతున్న స్నేహితురాలి పక్కన కూర్చుని, ఆ సంగతి ఎత్తకుండా కబుర్లు చెప్పడం. ఆ తర్వాతి ఆల్బమ్‌కు 2016లో రెండు గ్రామీ సంగీత అవార్డులు వచ్చాయి. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఆ కాబోయే భార్యతో అయిన పెళ్లి చివరికి నిలవలేదు, 2023 చివర్లో విడాకులకు వెళ్లారు. మందు మానడం ఒక్కటే అన్నీ చక్కబెట్టేస్తుందని మీకు మాటివ్వలేను.

బోనీ రేట్ అనే గాయని సంగతి మీకు ఇంకా దగ్గర. 1983లో రికార్డు కంపెనీ ఆమెను వదిలేసింది. 1987లో మందు మానింది. మానితే తన సంగీతం చప్పబడిపోతుందేమోనని ఆమెకూ మీలాగే దిగులు. తనకంటే ముందే మానేసిన గిటారిస్టు స్టీవీ రే వాన్ మరింత బాగా వాయించడం చూశాక ధైర్యం వచ్చిందని తర్వాత చెప్పుకుంది. 1989లో తెచ్చిన ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ అవార్డు దక్కింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. దాని పేరుపాట తనే రాసుకుంది, వయసు మీద పడుతుందన్న దిగులు మీద.

మీకు గ్రామీలు వస్తాయని ఇదంతా చెప్పడం లేదు. మందు మానిన తర్వాత పాట వెతుక్కుంటూ వాళ్లు వెళ్లింది తమ బతుకులోకే. మీరు ఆ దారిలో ఒకసారి, దవాఖానా వరండాలో, నడిచి వచ్చారు.

మరి రేపు పొద్దున ఏం చేయాలి? అమ్మ ఇంకా బీడీలు చేస్తున్నారని రాశారు. ఆమె చాట పట్టుకుని కూర్చునే వేళకు మీరూ పక్కన కూర్చోండి. ట్యూన్ వద్దు, ఫోన్ వద్దు. అమ్మ మాట్లాడింది, కత్తెర చప్పుడు, కార్ఖానాలో బీడీలు బాగాలేవని తిప్పి పంపిన రోజు సంగతి, ఏది కనబడితే అది పది లైన్లు రాయండి. అది పాట కానక్కర్లేదు. మూడు నెలల దాకా బాగుందో లేదో తేల్చకండి. చానళ్లకు రాసేవి ఇల్లు గడవడానికి రాస్తూనే ఉండండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఈ నోట్‌బుక్కు వేరు, దాన్ని స్టూడియోకు తీసుకెళ్లకండి.

స్టూడియోలో పెగ్గు పోసేవాళ్లకు ఒకటే జవాబు పెట్టుకోండి: ‘డాక్టర్ మందులు వాడుతున్నా.’ అంతే, వాదన పెట్టుకోవద్దు. నాకు తెలిసిన ఒక డోలు కళాకారుడు మానేసిన మొదటి ఏడాది పెళ్లి సీజన్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. డబ్బు తన చేతికి తీసుకోలేదు, నేరుగా భార్య ఖాతాలో వేయించాడు. ప్రోగ్రామ్ అయిపోయి, అలసిపోయి, చేతిలో నోట్లున్న ఆ అరగంటే తనను ఎప్పుడూ దెబ్బతీసేదని ఆయనకు తెలుసు. మీ అరగంట ఏదో మీకూ తెలిసే ఉంటుంది. ఎప్పుడైనా కాలు జారితే ఆ రాత్రే ఇంట్లో చెప్పండి, పొద్దున్నే డాక్టర్‌కు చెప్పండి. ఏఏ మీటింగులు, అంటే తాగుడు మానినవాళ్లు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్‌వి, దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో కనుక్కోండి. రూపాయి ఖర్చు లేదు. మీరు చెప్పేది సగంలోనే అర్థం చేసుకునేవాళ్లు అక్కడ ఉంటారు.

డబ్బు గురించి ఒక్కటి. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని మార్చారు. రికార్డయిన పాటకు రాయల్టీ వస్తే అందులో రాసినవాడికి సమాన వాటా ఉంటుంది, దాన్ని వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. పాటల మీద రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో రచయితలు సభ్యులై తమ పాటలు నమోదు చేసుకుంటారు. మీరూ చేసుకోండి. ఇకమీదట మూడు వేలకు ఇచ్చినా సరే, మీ పేరు వేస్తామని కాగితం మీద రాయించుకున్నాకే ఇవ్వండి.

ఇక మీ ఆవిడ. రెండేళ్ల కింద అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టలేదని, మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టారని రాశారు. ఆ 41 రోజులూ ఆమె నమ్మింది తమ్ముడూ. ఇప్పుడు వాసన చూస్తున్నది ఆ రోజు దెబ్బతిన్న మనిషి. అవమానంగా తీసుకోకండి. ఆమె అడగకముందే మీరే దగ్గరికి వెళ్లి నిలబడండి. నన్ను నమ్ము అని మాత్రం అడగకండి. అది ఆమె చేతిలో కూడా లేదు, రోజులు గడవాలి.

చివరి పేజీకి వస్తున్నాను. బిడ్డ వెండి పట్టగొలుసులు అమ్మి తాగారు. కొండగట్టు జాతరలో పోగొట్టిందని ఇంట్లో చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్ల తల్లి చేతిలో దెబ్బలు తింది. ‘ఇది నేను చెప్పలేను, పేరు ఉండదు కదా, మీరే వేయండి’ అన్నారు. పాట ఎందుకు రావడం లేదని నన్నడిగారు. కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ అన్నిటికంటే ముందు రావాల్సిన మాట అదే, దాన్ని తోసేసి ఇంకోటి వెతుకుతున్నారని నాకనిపిస్తోంది. అమ్మ గురించి ఉన్నదున్నట్టు రాసిన మనిషికి ఇంట్లో ఈ ఒక్కటి దాచుకుని ఇంకో నిజం రాయడం కష్టం. ముందు భార్యకు చెప్పండి. తర్వాత బిడ్డను కూర్చోబెట్టుకుని, ‘నువ్వు పోగొట్టలేదు, నాన్నే అమ్ముకున్నాడు’ అని ఆ మాటలతోనే చెప్పండి. మళ్లీ కొనిపెట్టడం తర్వాత సంగతి. కొని పెట్టేసి, చెప్పకుండా ఊరుకోవద్దు.

ఈ మాట మీ ఇంట్లోవాళ్లు అచ్చులో చూసి తెలుసుకోకూడదని, జవాబును పోయిన నెలే మీకు పోస్టులో పంపాను. మీరు చెప్పానని కబురు చేశాకే ఇక్కడ వేస్తున్నాం. భార్య రెండు రోజులు మాట్లాడలేదని రాశారు. బిడ్డ మాత్రం ‘నేను పోగొట్టలే గదా’ అంటూ నాయనమ్మకు చెప్పి, పక్కింటికి పోయి చెప్పి, బడిలో కూడా చెప్పి వచ్చిందట.