పూనకమా, పరకాయ ప్రవేశమా?

సందేహం: జాక్ ఫిన్నీ 1955 నాటి ఆంగ్ల నవలను తెనిగిస్తున్నాను. అంతరిక్షం నుంచి వచ్చిన పెద్ద పెద్ద కాయలు నిద్రపోతున్న మనుషులకు అచ్చు నకళ్లను తయారుచేస్తాయి. "గ్రహాంతర జీవులు ఊరివాళ్లను ఆవహించాయి" అని రాశాను. మిత్రుడు "పరకాయ ప్రవేశం" మేలంటాడు. "పూనాయి" అంటే నాటుగా ఉంటుందా?

సమాధానం: నాటుగా ఉంటుందేమోనన్న ఈ జంకే మన జబ్బు. ముందు మీ మిత్రుడి సంగతి. పరకాయ ప్రవేశానికి ఖాళీ అయిన ఒళ్లు కావాలి. శంకరులు అమరుకుడి దేహంలోకి వెళ్లింది ఆ రాజు పోయాకనే అని కథ. ఈమధ్య సినిమా సమీక్షల్లో ప్రతి నటుడూ "పాత్రలోకి పరకాయ ప్రవేశం" చేస్తున్నాడు. పాత్రకు కాయమెక్కడిది నాయనా! ఇక ఆవహించడం ఆవాహనకు చుట్టం. పీట వేసి పిలిస్తే వచ్చే మర్యాద అందులో ఉంది. అయినా నిద్ర ఆవహించిందని అందరం అంటున్నాం కనుక పట్టుబట్టను.

పూను ఎంత చక్కని ధాతువండీ! తాల్చడం, మోయడం, తలకెత్తుకోవడం దాని అర్థాలు. తమిళంలో పూణ్ అంటే నగ పెట్టుకోవడం కూడా. ఎద్దుల్ని బండికి పూన్చేవారు. పనికి పూనుకుంటాం, ఆ పట్టుదల పూనిక. మన మెడ మీదికి మనమే తెచ్చుకున్న కాడి పూనిక అయితే, ఇంకొకరు తెచ్చి వేసింది పూనకం. సొంత సంకల్పానికీ, అది బొత్తిగా లేకపోవడానికీ మాట పుట్టింది ఒక్క చోటే! సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు రంగం చూశారా? అమ్మవారు పూనిన ఒకామె పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. అప్పుడామె నోట "నేను" అంటే అమ్మవారు. కాసేపటికి పూనకం దిగుతుంది, "నేను" మళ్లీ ఆమెదవుతుంది. దిగడం లేని పూనకం లేదు. నలుడు కాళ్లు కడుక్కోని సందు చూసి చొరబడ్డ కలి కూడా చివరికి దిగిపోయి తాండ్రచెట్టెక్కాడు. (అక్కడ వ్యాసుడి క్రియ "ఆవిశత్". ఆ ఆవేశాన్ని మనం ఒట్టి కోపం కింద జమకట్టేశాం.)

ఫిన్నీ కథలో దిగేదేముంది? కాయ ఎవరిలోకీ దూరదు. నకలు లేచి కూర్చుంటుంది, అసలు మనిషి ధూళి అవుతాడు. విల్మా అనే ఆమె, ఈయన మా ఐరా అంకుల్ కాదు, మాటా నడకా జ్ఞాపకాలూ అన్నీ అవే గాని లోపల మమత లేదని మొత్తుకుంటుంది. (ఆ అంకుల్ బాబాయో మేనమామో మీరే తేల్చుకోవాలి.) అందుచేత ఇక్కడ "పూనాయి" నప్పదేమో. హైన్‌లైన్ అనే మరో రచయిత 1951 నవలలో మనుషుల వీపునంటుకుని నడిపించే జీవులున్నాయి చూశారూ, వాటికైతే కాడి వేసినట్టు అతుకుతుంది. పెరికేస్తే మనిషి తిరిగొస్తాడు కూడా.

మారుతల్లి, మారుపేరు ఉన్నాయి కదా, "మారుమనుషులు" అని చూడండి. మారుమనస్సు క్రైస్తవుల వాడుకలో పశ్చాత్తాపం కనుక కొందరు తడబడవచ్చు. మీకు మనసొప్పకపోతే "ఆవహించాయి" అనే ఉంచండి. నేనైతే కొట్టెయ్యను.