రాత, మార్కెటింగ్, ట్రైనింగ్: ఇన్ని రంగాలు మారితే నష్టమా?

మీరు పదేళ్లలో కంటెంట్ రాశారు, మార్కెటింగ్ చేశారు, ఇప్పుడు చిన్న వ్యాపారులకు పాఠాలు చెప్పాలనుకుంటున్నారు. ఇంట్లో వాళ్లేమో నిలకడ లేదంటున్నారు, నిజమేనా అని అడిగారు. నేనూ అదే దారిలో వచ్చాను కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

డిగ్రీ అయ్యాక గుంటూరు జిల్లాలో ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరాను. జీతం లేదు, లైన్ అకౌంటే. అచ్చయినదాన్ని కొలిచి డబ్బులిచ్చేవారు. డెస్కులో ఒక పెద్దాయన ప్రతి వార్తకూ ఒకటే అడిగేవారు: "ఇది చదివితే రైతుకి ఏం తెలుస్తుందమ్మా?" ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత ఆరేళ్లు విత్తనాల మార్కెటింగ్. కరపత్రాలు, గోడ రాతలు, ఆటోలో మైకు ప్రచారం అన్నీ చేశాను. రైతు మాత్రం పక్క చేను చూసి, ఆ చేనాయన్ని అడిగాకే ప్యాకెట్ కొనేవాడు.

ఆ తర్వాత డ్వాక్రా సంఘాలకు ట్రైనింగులు. మొదటి నెలలోనే నరసరావుపేట దగ్గర ఒక ఊళ్లో ఆవకాయ అమ్మే ఆవిడ లేచి, "కిలో 300కి ఇస్తున్నా మేడమ్, సరుకులకు 210 పోతాయి, 90 మిగులుతాయి" అన్నారు. సరే, బోర్డు మీద రాద్దాం రమ్మన్నాను. కాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, వెల్లుల్లి కలిపి 210 నిజమే. డబ్బా, లేబుల్ 25. ఆటో, చిల్లర ఖర్చులు 15. మరి మీ కూలి? "ఇంట్లో పనికి కూలేంటి మేడమ్?" అన్నారు. ఇరవై కిలోలకు ఆవిడా, కోడలూ రెండు రోజులు పని చేస్తారు. రోజుకు 400 చొప్పున 1600, అంటే కిలోకు 80. మొత్తం 330. క్లాసంతా చప్పుడు లేదు. వెనక వరసలో జంతికలు చేసే అమ్మాయి గబగబా నోటు పుస్తకం తీసింది.

కిలో డబ్బా మానేసి అరకిలో 190కి పెట్టమన్నాను. లేబుల్ నేనే రాశాను: ఊరి పేరు, ఏ నూనె, ఏ నెల కాయ. తయారీ తేదీ, నికర బరువు, ధర, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఎలాగూ ఉండాలి. ఆవిడ దగ్గర ఎప్పుడూ కొనేవాళ్లలో ఇద్దరు మానేశారు, మిగతావాళ్లు తీసుకున్నారు. ఆ రోజు లెక్క చెప్పింది నాలోని టీచరైతే, లేబుల్ రాసింది పాత విలేకరి, ధర పెట్టింది విత్తనాలు అమ్మిన మనిషి. నిలకడ లేదనే మాటను నేను అందుకే ఒప్పుకోను.

మీరు మొదలుపెట్టాలంటే మీ జిల్లాలోని ఆర్‌సెటీకి వెళ్లి గెస్ట్ ఫ్యాకల్టీ అవకాశం ఉందేమో కనుక్కోండి. అక్కడ బ్యాంకులే స్వయం ఉపాధి శిక్షణ ఉచితంగా ఇస్తాయి. చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద ఇచ్చే 50,000 లోపు ముద్రా శిశు రుణానికి తాకట్టు అక్కర్లేదన్న సంగతి కూడా చాలామందికి మీరే చెప్పాల్సి వస్తుంది. నాకైతే ట్రైనింగ్ బిల్లులు చేతికి రావడానికి నెలలు పట్టేది. రెండేళ్లు ఇల్లు గడిచింది రాతల మీదే. కాబట్టి కంటెంట్ పని అప్పుడే మానకండి.

మొదటి క్లాసుకు స్లైడ్ల గురించి టెన్షన్ పడొద్దు. మీ వీధి టిఫిన్ సెంటర్లో ఓనర్‌ని అడిగి ఒక పూటంతా కూర్చోండి. ప్లేటు ఇడ్లీకి ఎంత పడుతుందో, చట్నీతో సహా, లెక్క రాయండి. ఆ కాగితమే పట్టుకెళ్లండి.